పాట వారిది, వాయిద్యం వీరిది

మా వైపు పెళ్లి ఊరేగింపు మీరు చూసే ఉంటారు. చూడకపోయినా విని ఉంటారు. రెండు వీధుల అవతల పోతున్నా సరే, నిద్ర పట్టనివ్వదు కదా! మగపెళ్లివారిది బళ్లారి దగ్గర కన్నడం మాట్లాడే ఇల్లు, ఆడపెళ్లివారిది ఆదోని దగ్గర తెలుగు మాట్లాడే ఇల్లు అనుకుందాం. బ్యాండుమేళంలో క్లారినెట్ వాయించే ఆయన ముందు ఒక రాజ్‌కుమార్ పాట ఎత్తుకుంటాడు. అది ముగిసీ ముగియకముందే ఘంటసాల పాటలోకి దిగుతాడు. రెండు వైపుల వాళ్లూ రెండింటికీ తల ఊపుతారు. ఇది మీ పాట, అది మా పాట అనే పేచీ ఎక్కడా రాదు. ఎందుకు రాదంటే, ఆ క్లారినెట్‌లో మాటలు లేవు. బాణీ మాత్రమే ఉంది.

మాటలు తీసేస్తే పాటలో ఏం మిగులుతుంది? ఆ మిగిలినదాన్ని వాయించేవాడు చేసేది సొంత పని అవుతుందా, లేక ఎవరో చేసిన పనికి నకలు అవుతుందా? ఈ పూట మీతో ముచ్చటించదలచుకున్నది ఈ రెండు ప్రశ్నల గురించే. ఇందుకోసం మిమ్మల్ని 1967 నాటి ఫ్రాన్సు దేశానికి, ఒక గ్రామఫోన్ రికార్డు దగ్గరకు తీసుకువెళతాను. బి.ఎడ్. చదివేటప్పుడు మాకు మొట్టమొదట నేర్పిన సూత్రం "తెలిసినదాని నుంచి తెలియనిదానికి" అని. అందుకే పెళ్లి బ్యాండుతో మొదలుపెట్టాను.

అసలు ఈ విషయం నా బుర్రలో పడటానికి మా బడి పిల్లవాడే కారణం. పదో తరగతి. చదువు మధ్యరకం, చెయ్యి మాత్రం బంగారం. వినాయక చవితి పందిళ్లలో ఒక ఆర్కెస్ట్రాతో కలిసి కీబోర్డు వాయించేవాడు. రాత్రంతా వాయించి పొద్దున్నే బడికి వచ్చి బెంచీ మీద కునుకుతుంటే నాకు కోపం వచ్చింది. "ఒరే, రాత్రంతా మేలుకొని చేసింది ఏముందిరా? ఇంకొకరు కట్టిన పాట వాయించడమే కదా. ఎంగిలి విస్తట్లో తిన్నట్టు! సొంతంగా ఏదైనా చెయ్యి" అన్నాను. వాడు లేచి నిలబడ్డాడు. ఎదురు చెప్పే పిల్లవాడు కాదు. చాలా మెల్లగా, "సార్, మీరు మాకు చెప్పే పాఠం కూడా ఇంకొకరు రాసిందే కదా సార్" అన్నాడు. వెనుక బెంచీలో ఎవరో నవ్వారు. నేను నల్లబల్ల వైపు తిరిగి తేదీ వేశాను.

ఆ రోజు వాడికి జవాబు చెప్పలేకపోయాను. తరువాత చాలా కాలానికి, పాల్ మోరియా అనే ఫ్రెంచి సంగీతజ్ఞుడి రికార్డు విన్నప్పుడు ఆ జవాబు కొంత దొరికింది.

పాల్ మోరియా 1925లో దక్షిణ ఫ్రాన్సులోని మార్సెయ్ రేవుపట్టణంలో పుట్టాడు. తండ్రి తపాలా శాఖలో ఇన్‌స్పెక్టరు, సంగీతం మీద మక్కువ ఉన్న మనిషి. కొడుకును పదేళ్ల వయసులో అక్కడి సంగీత విద్యాలయంలో చేర్చారు. శాస్త్రీయ సంగీతమే నేర్చుకున్నా, పదిహేడేళ్లు వచ్చేసరికి అతని మనసు జాజ్ మీదికీ జనం పాడుకునే పాటల మీదికీ మళ్లింది. తరువాత పారిస్ చేరి, షార్ల్ అజ్నవూర్ వంటి పేరున్న గాయకుల పాటలకు అరేంజర్‌గా పని చేశాడు. ఈ అరేంజర్ అనే మాట మన సినిమా సంగీతంవాళ్లు కూడా వాడతారు. బాణీ కట్టేది సంగీత దర్శకుడు. ఆ బాణీ వెనుక ఏ వాద్యం ఎక్కడ పలకాలి, ఎక్కడ ఊరుకోవాలి, వయొలిన్లు ఎన్ని, వేణువు ఎప్పుడు అని కాగితం మీద రాసి వాద్యగాళ్ల చేతికి ఇచ్చేవాడు అరేంజర్. ఇల్లు మేస్త్రీ కడితే అందులో గదులు సర్ది దీపం ఎక్కడ పెట్టాలో చూసే ఇల్లాలి పని వంటిది ఇది. ఇంటికి వచ్చినవాళ్లు గోడను మెచ్చుకుంటారు గానీ, దీపం అక్కడే ఎందుకు పెట్టారని అడగరు.

1965లో మోరియా తన పేరుతోనే ఒక పెద్ద వాద్యబృందాన్ని ఏర్పాటు చేసుకున్నాడు. అందులో వయొలిన్ల వంటి తీగవాద్యాలు, ఊదే వాద్యాలు ఉండేవి. వాటికి అడుగున అప్పటి కుర్రకారు ఇష్టపడే డ్రమ్ములు, బేస్ గిటారు కూడా ఉండేవి. అంటే సభామందిరంలో కూర్చుని వినే సంగీతమూ, వీధిలో చిందులు వేసే సంగీతమూ ఒకే గొడుగు కింద చేరాయన్నమాట. అటువంటి బృందం 1967లో ఒక ఎల్పీ రికార్డు చేసింది. దాని పేరు "బ్లూమింగ్ హిట్స్". అంటే విరబూసిన పాటలు అని చెప్పుకోవచ్చు. అవన్నీ అప్పటికే ఇతరులు పాడగా జనం నోట నానుతున్న పాటలు, లేదా రేడియోలో కొత్తగా మోగుతున్న పాటలు. ఇలా ఒకరి పాటను మరొకరు తమ పద్ధతిలో తిరిగి రికార్డు చేస్తే దానిని కవర్ పాట అంటారు. ఇది డబ్బింగ్ కాదు. డబ్బింగ్‌లో బాణీ అలాగే ఉంటుంది, మాటలు ఇంకో భాషలోకి మారతాయి. సరిహద్దు జిల్లాల్లో ఉండే మనకు దాని సంగతి ఎవరూ చెప్పక్కరలేదు. ఒకే బాణీని ఒక టాకీసులో కన్నడంలోనూ పక్క టాకీసులో తెలుగులోనూ విన్నవాళ్లం మనం. మోరియా చేసింది అందుకు తలకిందులు. అతడు భాష మార్చలేదు. భాషనే తీసేశాడు.

ఆ రికార్డులో ఏయే పాటలు ఉన్నాయో చూడండి. ఇంగ్లాండులోని బీటిల్స్ బృందం పాట "పెన్నీ లేన్" ఉంది. అమెరికాలో ఫ్రాంక్ సినాత్రా తన కూతురు నాన్సీతో కలిసి పాడిన "సమ్‌థింగ్ స్టుపిడ్" ఉంది. "దిస్ ఈజ్ మై సాంగ్" అనే పాట కూడా ఉంది. దీనికి మాటలూ బాణీ రెండూ సమకూర్చినవారు ఎవరో తెలుసా? మనందరినీ కడుపుబ్బ నవ్వించిన చార్లీ చాప్లిన్! తన చివరి చిత్రం "ఎ కౌంటెస్ ఫ్రమ్ హాంగ్‌కాంగ్" కోసం కట్టిన పాట అది. పెటూలా క్లార్క్ పాడగా 1967లో బ్రిటన్‌లో మొదటి స్థానానికి వెళ్లింది. చాప్లిన్ తన చిత్రాలకు సంగీతం తానే కూర్చుకునేవాడన్న సంగతి మనలో చాలామందికి తెలియదు.

ఇక మన కథకు ముఖ్యమైన పాట వేరే ఉంది. యూరప్ ఖండంలో ప్రతి ఏటా దేశాల మధ్య పాటల పోటీ జరుగుతుంది. యూరోవిజన్ అంటారు. 1967 ఏప్రిల్ 8న ఆస్ట్రియా రాజధాని వియన్నాలో జరిగిన పోటీలో 17 దేశాలు పాల్గొన్నాయి. బ్రిటన్ తరఫున శాండీ షా అనే అమ్మాయి చెప్పులు లేకుండా వేదిక ఎక్కి "పప్పెట్ ఆన్ ఎ స్ట్రింగ్" అనే పాట పాడి గెలిచింది. ఆమెకు వచ్చిన పాయింట్లు 47, రెండో స్థానానికి వచ్చినవి 22. అంటే పోటీయే కాదన్నమాట. అదే వేదిక మీద లక్సెంబర్గ్ అనే చిన్న దేశం తరఫున వికీ అనే పదిహేడేళ్ల పిల్ల "లామూర్ ఎ బ్లూ" అనే ఫ్రెంచి పాట పాడింది. ఈమె పుట్టుక గ్రీసు, పెరిగింది జర్మనీ, పాడింది ఫ్రెంచి, నిలబడింది లక్సెంబర్గ్ తరఫున! మన సరిహద్దు పిల్లలకు ఏమాత్రం తీసిపోదు. ఆమె పాటకు నాలుగో స్థానం వచ్చింది. పాట రాసినవాడు పియెర్ కూర్, బాణీ కట్టినవాడు ఆంద్రే పోప్.

మోరియా తన రికార్డులో మొదటి స్థానం వచ్చిన పాటనూ చేర్చాడు, నాలుగో స్థానం వచ్చిన పాటనూ చేర్చాడు. లోకం చెవిలో నిలిచిపోయింది మాత్రం నాలుగోది. ఎందుకు?

ఆ పాట పేరుకు అర్థం "ప్రేమ నీలం" అని. ఫ్రెంచి సాహిత్యంలో నీలం సంతోషానికి గుర్తు. ప్రియుడు దగ్గర ఉన్నప్పుడు ప్రేమ ఆకాశంలా నీలంగా ఉంటుందనీ, అతడు వెళ్లిపోతే బూడిదరంగుకు తిరుగుతుందనీ కవి చెబుతాడు. ఇదే పాటకు ఇంగ్లీషులో మాటలు రాసినప్పుడు చిత్రం జరిగింది. ఇంగ్లీషువారికి నీలం అంటే దిగులు. అందుచేత అక్కడ ఎడబాటు తరువాత లోకమే నీలమైపోయింది. మనకు నీలం అనగానే కృష్ణుడు గుర్తుకు వస్తాడు గానీ దుఃఖం గుర్తుకు రాదు. చూశారా, ఒకే రంగు, ఒకే బాణీ. ఒక భాషలో కలయిక, ఇంకో భాషలో ఎడబాటు. రెండు భాషల మధ్య పాఠం చెప్పి బతికే నా వంటివాడికి ఇది ప్రతి రోజూ తగిలే చిక్కే.

మరి బాణీ ఈ రెండు అర్థాలనూ ఎలా మోసింది? పాట చాలా భాగం పాశ్చాత్యులు మైనర్ అనే మెట్టులో నడుస్తుంది. మన పరిభాషలో చెప్పాలంటే గాంధారం కాస్త కిందికి దిగి ఉంటుంది, సాధారణ గాంధారం. అందువల్ల ఒక విధమైన విచారపు నీడ పడుతుంది. నడుమ వచ్చే భాగంలో అదే షడ్జం మీద మేజర్ మెట్టుకు మారుతుంది. గాంధారం పైకి లేచి అంతర గాంధారం అవుతుంది. కిటికీ రెక్క తెరిచినట్టు వెలుగు వస్తుంది. మళ్లీ మొదటికి రాగానే కిటికీ మూసుకుంటుంది. అంటే కలయికా ఎడబాటూ రెండూ బాణీలోనే ఉన్నాయి. మాటలు ఒక్కొక్క భాషలో ఒక్కొక్కదానిని ఎంచుకున్నాయి. మాటలు తీసేసిన మోరియా రెండింటినీ వినేవారికే వదిలేశాడు.

అయితే మాటలు తీసేయడం అంత తేలిక కాదు. ఇక్కడే అరేంజర్ పని ఏమిటో తెలుస్తుంది. పాటలో పల్లవి, మొదటి చరణం, రెండో చరణం ఉంటాయి. చరణాలన్నిటికీ బాణీ ఒకటే. అయినా మనకు విసుగు రాదు, ఎందుకంటే మాటలు మారుతుంటాయి. కథ ముందుకు పోతుంటుంది. మాటలు తీసేసి చూడండి. రెండో చరణం వచ్చేసరికి, "ఇది ఇందాక విన్నదే కదా" అనిపిస్తుంది. మన కచేరీలో విద్వాంసుడు ఒకే పంక్తిని పది సార్లు పాడినా మనం కదలకుండా కూర్చుంటాం, ఆయన ప్రతిసారీ ఒక కొత్త సంగతి వేస్తాడు కాబట్టి. మోరియా సంగతులు వేయలేదు. బాణీని దాదాపు ఉన్నది ఉన్నట్టే ఉంచి, దానిని పలికే గొంతును మార్చాడు.

ఈ పాటలో అతడు వాడిన హార్ప్సికార్డ్ అనే వాద్యం గురించి ఒక మాట చెప్పాలి. చూడటానికి పియానోలా ఉంటుంది. కానీ పియానోలో చిన్న సుత్తులు తీగను కొడతాయి. హార్ప్సికార్డ్‌లో ఈకమొన వంటిది తీగను మీటుతుంది. అంటే పియానో సంతూర్‌కు చుట్టమైతే ఇది వీణకు చుట్టం. రెండు మూడు వందల ఏళ్ల కిందట యూరప్ రాజమందిరాల్లో మోగి, పియానో వచ్చాక మూలపడిన వాద్యం. మోరియా దాన్ని తెచ్చి 1967 నాటి డ్రమ్ముల పక్కన కూర్చోబెట్టాడు! పొడిపొడిగా, స్పష్టంగా ఉండే ఆ మీటు మీదికి వయొలిన్లు అల వచ్చినట్టు వచ్చి కమ్ముకుంటాయి. తరువాత ఊదే వాద్యాలు చేరతాయి. కవి మాటలతో చెప్పిన రంగులను ఇతడు వాద్యాలతో మార్చాడు. కింద డ్రమ్ములు మాత్రం ఆగకుండా నడుస్తుంటాయి. పెద్దవాళ్లు వయొలిన్ల కోసం విన్నారు, పిల్లలు డ్రమ్ముల కోసం విన్నారు. ఇద్దరూ ఒకే రికార్డు కొన్నారు. ఈ రోజుల్లో ఇది ఫోన్‌లోనే దొరుకుతుంది. వింటే మొత్తం మూడు నిమిషాలు పట్టదు.

ఈ వాయిద్యపు పాట "లవ్ ఈజ్ బ్లూ" అనే పేరుతో అమెరికా చేరింది. 1968 ఫిబ్రవరి 10 నాటి బిల్‌బోర్డ్ పట్టికలో మొదటి స్థానానికి ఎక్కి అయిదు వారాలు అక్కడే ఉంది. మాటలు లేని పాట ఆ స్థానానికి రావడం 1962లో వచ్చిన "టెల్‌స్టార్" తరువాత అదే మొదలు. దాని వెనుకే ఎల్పీ కూడా ఆల్బముల పట్టికలో మార్చి నెలలో మొదటి స్థానానికి వచ్చి అయిదు వారాలు నిలిచింది. ఇక్కడ ఒక తమాషా గమనించండి. అంతకుముందు ఎనిమిది వారాలుగా ఆ స్థానంలో కూర్చున్నది బీటిల్స్ వారి "మాజికల్ మిస్టరీ టూర్". అమెరికాలో వచ్చిన ఆ రికార్డులో "పెన్నీ లేన్" ఉంది. అసలు పాట ఉన్న రికార్డును, అదే పాటను తిరిగి వాయించిన రికార్డు కిందికి దించింది!

అలాగని మోరియా వాయించిన "పెన్నీ లేన్" బాగుందని నేను అనను. నా చెవికి అది ఆ రికార్డులోని బలహీనమైన పాటల్లో ఒకటి. ఎందుకో చెబుతాను. ఆ పాట లివర్‌పూల్ పట్టణంలో ఒక వీధి గురించి. అందులో మంగలి ఉంటాడు, బ్యాంకు ఉద్యోగి ఉంటాడు, అగ్నిమాపక దళం మనిషి ఉంటాడు. ఒక్కొక్కరి మీద ఒక్కొక్క చమత్కారం. మాటలు తీసేస్తే వీధి మిగిలింది గానీ వీధిలో మనుషులు వెళ్లిపోయారు. అంతేకాక బీటిల్స్ వారే ఆ పాటలో డేవిడ్ మేసన్ చేత ఒక సన్నని చిన్న ట్రంపెట్‌ను అద్భుతంగా వాయింపజేశారు. ఆపైన మరొక అరేంజర్ చేయగలిగింది తక్కువ. సినాత్రా తండ్రీకూతుళ్ల పాటకూ ఇదే గతి. అది ఒక మనిషి తడబడుతూ మనసు విప్పే పాట. తడబాటు మాటల్లో ఉంది, బాణీలో లేదు. దీన్నిబట్టి నాకు తోచిందేమిటంటే, మాటల భుజం మీద చెయ్యి వేసి నడిచే పాట ఒంటరిగా నడవలేదు. తన కాళ్ల మీద తాను నడిచే బాణీ ఉంటే వాద్యబృందం దాన్ని ఎంత దూరమైనా తీసుకుపోతుంది. ఇది ముందుగా పసిగట్టడం కూడా అరేంజర్ విద్యలో భాగమే. మోరియా అంతటివాడికే పది పాటల్లో పదీ కుదరలేదు.

ఇంకో సంగతి. మోరియా ఇతరుల పాటలు తీసుకున్నాడే గాని ఇవ్వలేదని అనుకోకండి. 1960లలో మొదట్లో అతడూ, ఫ్రాంక్ పూర్సెల్ అనే మిత్రుడూ కలిసి, మారుపేర్లతో "షారియో" అనే పాటకు బాణీ కట్టారు. దాన్ని ఫ్రెంచిలో పాడి పేరు తెచ్చింది ఎవరో కాదు, ఇందాక చెప్పిన పెటూలా క్లార్కే. అదే బాణీ ఇంగ్లీషు మాటలతో "ఐ విల్ ఫాలో హిమ్" అయింది. లిటిల్ పెగ్గీ మార్చ్ అనే పదిహేనేళ్ల పిల్ల పాడగా 1963లో అమెరికాలో మొదటి స్థానానికి వెళ్లింది. అంటే పెటూలాకు ఒక పాట ఇచ్చాడు, నాలుగైదేళ్ల తరువాత ఆమె పాడిన చాప్లిన్ పాట తాను తీసుకున్నాడు. ఊళ్లో ఇరుగుపొరుగు ఇళ్ల మధ్య గిన్నె ఖాళీగా తిరిగి రాదు చూడండి, అటువంటి వ్యవహారం.

అయితే గిన్నె తిరిగి రావాలంటే, అది ఎవరింటి గిన్నెయో తెలిసి ఉండాలి. ఇప్పుడు డబ్బు విషయానికీ పేరు విషయానికీ వద్దాం.

మోరియా రికార్డు ఒక్కొక్కటి అమ్ముడైనప్పుడల్లా బాణీ కట్టిన ఆంద్రే పోప్‌కూ, పాట రాసిన పియెర్ కూర్‌కూ కొంత సొమ్ము వెళ్లాలి. పాడిన మాటలు లేకపోయినా పాట కర్తలు వాళ్లే. ఈ పద్ధతి ఫ్రాన్సులో బలపడటం వెనుక ఒక ముచ్చట ఉంది. 1847లో ఎర్నెస్ట్ బూర్జే అనే స్వరకర్త పారిస్‌లో ఒక హోటలుకు వెళ్లి పంచదార నీళ్లు తాగాడు. అక్కడ మేళంవాళ్లు అతని పాటే వాయిస్తున్నారు. బిల్లు వచ్చినప్పుడు, "మీరు నా పాట వాయించుకుని నాకు పైసా ఇవ్వలేదు. నేను మీ నీళ్లకు ఎందుకు ఇవ్వాలి?" అని మొండికేశాడు. వ్యవహారం కోర్టుకెక్కింది, బూర్జే పక్షం గెలిచింది. ఆ గొడవ ఫలితంగానే 1851లో రచయితలకూ స్వరకర్తలకూ ఒక సంఘం ఏర్పడింది. సాసెమ్ అనే ఆ సంఘం నేటికీ ఉంది.

మన దేశం విషయానికి వస్తే, 1980లలో క్యాసెట్లు చవకైనప్పుడు పాత సినిమా పాటలను కొత్త గొంతులతో పాడించి అమ్మడం పెద్ద వ్యాపారమైంది. వెర్షన్ రికార్డింగ్ అనేవారు. నా చిన్నతనంలో మా నాన్న ఘంటసాల పాటలని ఒక క్యాసెట్ కొనుక్కొచ్చాడు. అట్ట మీద ఘంటసాల బొమ్మ ఉంది. టేప్‌రికార్డరులో పెడితే గొంతు ఇంకెవరిదో. మా అమ్మ అంగడివాడిని తిట్టింది. నాన్న మాత్రం రెండు వైపులా పూర్తిగా విని, "పాడినాయన బాగానే పాడినాడు. ఆయన పేరు వేసుంటే బాగుండు" అన్నాడు. ఆ మాట నాకు అప్పుడు అర్థం కాలేదు.

ఇన్నేళ్ల తరువాత చట్టం కూడా దాదాపు అదే మాట అంటోంది. నేను వకీలును కాను, చదివి అర్థం చేసుకున్నంత చెబుతాను. 1957 నాటి కాపీరైటు చట్టానికి 2012లో సవరణ చేసి 31సి అనే సెక్షను చేర్చారు. ఒక పాట మొదట రికార్డయిన సంవత్సరం ముగిశాక అయిదు సంవత్సరాల దాకా ఈ సెక్షను కింద కవర్ చేయకూడదు. చేసేముందు హక్కుదారుకు నోటీసు ఇవ్వాలి, రాయల్టీ ముందుగా కట్టాలి. ఏడాదికి కనీసం 50,000 ప్రతుల లెక్కన కట్టాలి. ఏదైనా భాషకో మాండలికానికో వినేవారు తక్కువైతే ఆ సంఖ్యను తగ్గించే వీలు కూడా చట్టంలో ఉంది. అట్ట మీద ఇది కవర్ అని స్పష్టంగా రాయాలి. అసలు పాడినవారి పేరు గానీ బొమ్మ గానీ వేయకూడదు. అవసరం లేని మార్పులు చేయకూడదు. ఇవన్నీ ఎందుకంటే, హక్కుదారు ఒప్పుకోకపోయినా కవర్ చేసుకునే దారి ఇది. ఆయనను అడిగి, ఒప్పించి, కాగితం రాయించుకుంటే అది వేరే దారి, సులువైన దారి.

మరి మన పెళ్లి బ్యాండు సంగతేమిటని మీకు సందేహం రావచ్చు. దానికి భయం లేదు. పెళ్లి ఊరేగింపులోనూ, పెళ్లికి సంబంధించిన వేడుకల్లోనూ పాట వాయించడం ఉల్లంఘన కాదని అదే చట్టంలోని 52వ సెక్షను చెబుతోంది. అది రికార్డు చేసి అమ్మడం మాత్రం వేరే సంగతి.

ఈ చట్టం గొడవంతా నేను ఎందుకు చదివానంటే, ఆ కీబోర్డు పిల్లవాడు మళ్లీ నా దగ్గరకు వచ్చాడు. ఇప్పుడు పిల్లవాడు కాదు, పెళ్లయి ఒక బిడ్డ కూడా. ఆరుగురు కలిసి పన్నెండు పాత పాటలు రికార్డు చేయాలనుకుంటున్నారు. ఆరు తెలుగు, ఆరు కన్నడం, పాడేవాళ్లు లేకుండా వట్టి వాయిద్యాలతో. మేళంలో క్లారినెట్ వాయించే పెద్దాయనను కూడా కలుపుకున్నారు. "సార్, అట్ట మీద ఏం రాయాలో మీరు చూసిపెట్టాలి" అన్నాడు. ఎంగిలి విస్తరి మాట వాడికి గుర్తుందో లేదో, నాకు మాత్రం గుర్తుంది. హక్కుదారులను వెతికి ముందు అనుమతి కాగితాలు తెచ్చుకోమన్నాను. ఆ పని ఇంకా సగంలో ఉంది. పాల్ మోరియా సంగతి చెప్పి, ఆ నాలుగో స్థానం పాట ఫోన్‌లో వినిపించాను. విని, "సార్, రెండోసారి వచ్చినప్పుడు వాద్యం మార్చినాడు, అందుకే విసుగు రాలేదు" అన్నాడు. నేను ఇంతసేపు మీకు చెప్పిందంతా వాడు ఒక్క వినికిడిలో పట్టేశాడు!

వాడు తెచ్చిన జాబితాలో పాట పేరు, సినిమా పేరు ఉన్నాయి. సంగీతం అనే గడిలో రెండు పాటలకు గీత గీసి ఉంది. మూడోదానికి స్వరకర్త పేరు ఉండాల్సిన చోట గాయకుడి పేరు రాశారు. ఇరవై ఏళ్లుగా ఆ పాటలు వాయిస్తున్న వాళ్లకు కూడా వాటిని కట్టినవారి పేరు తెలియదు. ఆదివారం ఒక పూటంతా కూర్చున్నాం. మూడోదాన్ని దిద్దాం. గీత గీసిన రెండింటిలో ఒకటి, టాకీసు దగ్గర అమ్మే పాత పాటల పుస్తకం ఒకటి మా బీరువాలో ఉంటే అందులో దొరికింది. రెండోది వాళ్ల అవ్వ చెప్పింది. అవ్వకు చదువు రాదు. "రేడియోలో పాట ఏసే ముందు చెప్తారు గదా నాయనా, రచన ఎవరు, సంగీతం ఎవరు అని" అంటూ పేరు ఠక్కున చెప్పేసింది. పుస్తకాల్లో సరిచూస్తే అవ్వ చెప్పిందే నిజం.

అట్ట ఇంకా అచ్చుకు వెళ్లలేదు. వెళ్లేటప్పుడు వాడు నన్ను ఒక మాట అడిగాడు. "సార్, మా క్లారినెట్ తాత పేరు కూడా వేయాలా? ఆయన వద్దంటున్నాడు, నాదేముంది అంటున్నాడు." ఇంటిపేరుతో సహా వేయమన్నాను.